పదిహేనో స్థానం ఆటగాళ్లది కాదు, యజమానులది

38 మ్యాచ్‌లు. 11 విజయాలు, 9 డ్రాలు, 18 ఓటములు. కొట్టిన గోల్స్ 44, ఇచ్చుకున్నవి 54. మొత్తం 42 పాయింట్లు. ఇరవై జట్ల ప్రీమియర్ లీగ్‌లో పదిహేనో స్థానం. 2024-25లో మాంచెస్టర్ యునైటెడ్ మిగుల్చుకున్నది ఇంతే. ఇరవైసార్లు ఇంగ్లండ్ చాంపియన్‌గా నిలిచిన క్లబ్ ఇది. 1973-74లో రెండో డివిజన్‌కు పడిపోయాక మళ్లీ ఇంత కింద ఏనాడూ ముగించలేదు.

ఈ పట్టిక చూసినవాళ్లంతా ఆటగాళ్లను తిడుతున్నారు. కొందరు కోచ్‌ను తిడుతున్నారు. కోపం న్యాయమైనదే, కానీ అది తప్పుడు గుమ్మం ముందు నిలబడింది. ఈ సీజన్‌ను పాడుచేసింది మైదానంలో పరిగెత్తిన పదకొండు మంది కాదు. పైన కూర్చుని తప్పు మీద తప్పు చేసి, ఆ తప్పుల ఖర్చంతా కిందివాళ్ల నెత్తిన రుద్దిన యాజమాన్యం. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పకపోతే వచ్చే ఏడాదీ ఇదే కథ, ఆ పై ఏడాదీ ఇదే కథ.

2024 మే నుంచి మొదలుపెడదాం. కోచ్ ఎరిక్ టెన్ హాగ్ జట్టు లీగ్‌లో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది, కానీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీని ఓడించింది. ఆయన్ను ఉంచాలా, పంపాలా? రెండింటికీ వాదన ఉంది. క్లబ్ పెద్దలు రెండూ సగం సగం చేశారు. వేరే కోచ్‌లతో మంతనాలు జరిపారు, ఎవరితోనూ కుదరక మళ్లీ ఆయన దగ్గరికే వచ్చారు, జులైలో 2026 దాకా ఒప్పందం పొడిగించారు. ఆయనకు నచ్చే ఆటగాళ్లను కొనిపెట్టారు. అక్టోబర్ 28న ఆయన్ను తీసేశారు. నమ్మకం లేని మనిషికి ఒప్పందం ఎందుకు పొడిగించినట్టు? నమ్మకం ఉంటే తొమ్మిది లీగ్ మ్యాచ్‌లకే ఎందుకు పోగొట్టుకున్నట్టు?

క్రీడా వ్యవహారాల బాధ్యతకు తెచ్చిన డాన్ యాష్‌వర్త్ సంగతీ అంతే. న్యూకాసిల్ ఆయన్ను వదలడానికి నెలల తరబడి బేరసారాలు నడిచాయి. చివరికి జులైలో వచ్చాడు. డిసెంబర్‌లో వెళ్లిపోయాడు. టెన్ హాగ్ బృందాన్నీ, యాష్‌వర్త్‌నూ సాగనంపినందుకు క్లబ్‌కు పడిన ఖర్చు 1.45 కోట్ల పౌండ్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

తర్వాత రూబెన్ అమోరిమ్. లిస్బన్‌లో స్పోర్టింగ్‌ను చాంపియన్‌గా నిలిపిన కోచ్. సీజన్ అయ్యాక వస్తానని ఆయన అడిగాడు. ఇప్పుడే రా, లేదంటే వద్దు అన్నారు. ఈ సంగతి ఆయనే బయటికి చెప్పాడు. ఆయన ఆట ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో, ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో నడుస్తుంది. చేతికిచ్చిన జట్టేమో నలుగురు డిఫెండర్లతో ఆడటానికి కూర్చినది. మూడు నాలుగు రోజులకో మ్యాచ్ ఉంటే సాధనకు సమయం ఎక్కడిది? ఫలితం అందరూ చూశారు. ఆయన కింద 27 లీగ్ మ్యాచ్‌ల్లో ఏడే విజయాలు. అందులో మూడు ఆ ఏడాది కిందికి పడిపోయిన సౌతాంప్టన్, ఇప్స్‌విచ్, లెస్టర్ మీద వచ్చినవే. జనవరిలో బ్రైటన్ చేతిలో సొంతగడ్డపై 3-1తో ఓడినప్పుడు, క్లబ్ చరిత్రలోనే ఇది అతి బలహీనమైన జట్టేమోనని అమోరిమ్ నోరు తెరిచి అన్నాడు. ఆయన పద్ధతి పట్టుదల మీద నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ నవంబర్‌లో ఆయన్ను ఆ గుంటలోకి తోసినవాళ్లు ఎవరు?

కొనుగోళ్లు, అమ్మకాలు చూస్తే కడుపు మండిపోతుంది. స్కాట్ మెక్‌టామినే చిన్నపిల్లాడిగా ఈ క్లబ్‌లో చేరి, ఇక్కడే పెరిగి పెద్దవాడైన ఆటగాడు. అకాడమీలో తయారైనవాణ్ని అమ్మితే వచ్చినదంతా లాభం కిందే రాసుకోవచ్చన్న లెక్కతో దాదాపు 2.5 కోట్ల పౌండ్లకు నాపోలీకి ఇచ్చేశారు. అతను అక్కడికి వెళ్లి మొదటి సీజన్‌లోనే జట్టును ఇటలీ చాంపియన్‌ను చేశాడు, ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. 8 కోట్ల పౌండ్లకు పైగా పోసి కొన్న ఆంటొనీ ఇక్కడ దండగమారిగా పేరుపడ్డాడు. జనవరిలో అప్పుగా రియల్ బెటిస్‌కు వెళ్లగానే వికసించాడు, ఆ జట్టుతో కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్ దాకా ఆడాడు. మార్కస్ రాష్‌ఫర్డ్‌ను కూడా ఫిబ్రవరి మొదట్లో ఆస్టన్ విల్లాకు అప్పుగా పంపారు. వాళ్ల స్థానంలో ముందు వరుసకు ఒక్కరినీ తేలేదు. మిగిలిన స్ట్రైకర్లు హోయ్‌లున్, జిర్క్‌జీ ఇద్దరూ కలిసి లీగ్ మొత్తంలో కొట్టింది ఏడు గోల్స్. ఇక్కడ చేతగానివాళ్లుగా ముద్రపడినవాళ్లు బయట అడుగు పెట్టగానే వెలుగుతున్నారంటే చీకటి ఎక్కడుంది?

మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ జరిగింది. అక్కడికి చేరిన దారి గొప్పదే. లియోన్‌తో సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అదనపు సమయంలో వెనకబడి, చివరి నిమిషాల్లో మూడు గోల్స్‌తో 5-4గా తిప్పేసిన రాత్రి ఎవరూ మరిచిపోలేరు. ఫైనల్లో టాటెన్‌హామ్ 1-0తో గెలిచింది. లీగ్‌లో మనకంటే కింద, పదిహేడో స్థానంలో ఉన్న జట్టు అది! ఆ ఓటమికి నేనూ ఏడ్చాను. అయినా ఒక మాట చెబుతాను: ఆ కప్పు గెలిచి ఉంటే చాంపియన్స్ లీగ్ డబ్బు వచ్చేది, ఆ డబ్బు చాటున ఈ యజమానులు తమ వైఫల్యాన్ని మరో ఏడాది దాచుకునేవాళ్లు. ఓటమి బాధాకరం. కానీ 42 పాయింట్లే నిజం.

ఇప్పుడు అసలు అన్యాయం దగ్గరికి వద్దాం. ఈ తప్పులన్నిటికీ మూల్యం ఎవరు చెల్లించారు?

సర్ జిమ్ రాట్‌క్లిఫ్ 2024 ఫిబ్రవరిలో నాలుగో వంతుకు పైగా వాటా కొని, ఫుట్‌బాల్ వ్యవహారాల పగ్గాలు పట్టాడు. ఆ వేసవిలో దాదాపు 250 ఉద్యోగాలు తీసేశారు. 2025 ఫిబ్రవరిలో మరో 200 దాకా పోతాయని ప్రకటించారు. సిబ్బందికి పెట్టే ఉచిత మధ్యాహ్న భోజనం ఆపేశారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో దాని బదులు పళ్లు ఇస్తామన్నారు. సీజన్ మధ్యలో, మిగిలిన మ్యాచ్‌లకు సభ్యుల టికెట్‌ను 66 పౌండ్లు చేశారు. పిల్లలకు, వృద్ధులకు రాయితీ ఇవ్వలేదు. అంతకుముందు పిల్లాడి టికెట్ 25 పౌండ్లకు దొరికేది. కోచ్‌ను ఉంచాలో పంపాలో తేల్చుకోలేక 1.45 కోట్ల పౌండ్లు తగలేసినవాళ్లు వంటగదిలో పొదుపు మొదలుపెట్టారు. కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగి ఏ డిఫెండర్‌ను కొన్నాడు? మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చే తాత ఎవరి ఒప్పందం పొడిగించాడు?

ఈ క్లబ్ 1878లో పుట్టింది రైల్వే కార్మికుల చేతుల్లో. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేలో బోగీలు బాగుచేసే న్యూటన్ హీత్ డిపో మనుషులు, పని దిగి ఆడుకోవడానికి పెట్టుకున్న జట్టు ఇది. మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఎనిమిది మంది ఆటగాళ్లను పోగొట్టుకున్న 1958లో కూడా దీన్ని నిలబెట్టింది ఆ పనివాళ్ల నగరమే. అలాంటి చోట పనివాడి పళ్లెం లాక్కోవడం పొదుపు కాదు. ద్రోహం.

మహిళల జట్టు గతి ఇంకా ఘోరం. 2024లో వాళ్లు ఎఫ్‌ఏ కప్ గెలిచారు. ఆ వేసవిలో క్యారింగ్టన్ శిక్షణ కేంద్రంలో పురుషుల భవనానికి మరమ్మతులు మొదలవగానే, మహిళల భవనాన్ని పురుషుల జట్టుకు ఇచ్చి, వాళ్లను తాత్కాలిక క్యాబిన్‌లలోకి తరలించారు. ఆ క్యాబిన్‌లలో బట్టలు మార్చుకున్న అమ్మాయిలు లీగ్‌లో మూడో స్థానంలో నిలిచారు, మళ్లీ కప్ ఫైనల్ ఆడారు. వాళ్ల భవనం తీసుకున్నవాళ్లు పదిహేనో స్థానంలో నిలిచారు.

వీటన్నిటి కింద ఉన్న పునాది రాయి అప్పు. 2005కు ముందు ఈ క్లబ్‌కు అప్పు లేదు. మాల్కమ్ గ్లేజర్ కుటుంబం 79 కోట్ల పౌండ్ల ధరకు దీన్ని చేజిక్కించుకుంది. అందులో సగానికి పైగా అప్పు తెచ్చినదే, ఆ భారం చివరికి క్లబ్ మీదే పడింది. మీ ఇల్లు కొంటానని వచ్చినవాడు మీ ఇంటినే తాకట్టు పెట్టి, ఆ వడ్డీ మీ జీతంలోంచి కట్టించుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. ఇరవై ఏళ్లలో వడ్డీల కింద కోట్లాది పౌండ్లు పోయాయి. దాని మీద ఏళ్ల తరబడి డివిడెండ్లు కూడా తీసుకున్నారు. ఈలోగా ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు కారుతోంది. మేనేజర్‌గా అలెక్స్ ఫెర్గూసన్ ఉన్నన్నాళ్లూ ఆయన ప్రతిభ ఈ బొరియను కప్పిపెట్టింది. 2013లో ఆయన దిగిపోయాక ఒక్క లీగ్ టైటిల్ కూడా రాలేదు.

గ్లేజర్లు ఆటగాళ్ల మీద ఖర్చుపెట్టలేదా అని కొందరు అడుగుతారు. పెట్టారు, చాలా పెట్టారు. కానీ అది వాళ్ల జేబులోది కాదు, క్లబ్ సంపాదించినదే, అభిమాని కట్టినదే. దాన్ని తెలివితక్కువగా పారబోయడం దాతృత్వం అవుతుందా? రాట్‌క్లిఫ్‌కు ఈ గుదిబండ వారసత్వంగా వచ్చింది కదా అంటారు ఇంకొందరు. నిజమే. ఖర్చులు తగ్గించకపోతే 2025 క్రిస్మస్ నాటికి ఖజానా ఖాళీ అయ్యేదని ఆయనే చెప్పాడు. అయితే కోత ఎక్కడ మొదలైందో చూడండి. అప్పు తెచ్చినవాళ్ల దగ్గర కాదు, అన్నం తినేవాళ్ల దగ్గర. 2025 మార్చిలో వేలమంది అభిమానులు నల్లదుస్తులు వేసుకుని ఓల్డ్ ట్రాఫర్డ్‌కు ఊరేగింపుగా నడిచారు. రెండు రోజులకే యాజమాన్యం 200 కోట్ల పౌండ్లతో లక్ష మంది కూర్చునే కొత్త స్టేడియం బొమ్మ చూపించింది. జనం అడిగింది గౌరవం. ఇచ్చింది బొమ్మ.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న మనకెందుకు ఈ గొడవ అనుకోవద్దు. బిల్బావో ఫైనల్ మన గడియారంలో అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. మర్నాడు ఉద్యోగాలున్నా మేలుకుని చూసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. మనం కట్టే చందా, కొనే జెర్సీ కూడా ఆ ఖాతాలోకే చేరుతుంది. డబ్బు తీసుకునేటప్పుడు ప్రపంచమంతా మా కుటుంబమే అంటున్నారు. అలాంటప్పుడు కుటుంబానికి ప్రశ్నించే హక్కు ఉంటుంది.

కాబట్టి అడగాల్సినవి గట్టిగా అడుగుదాం. క్లబ్‌ను కొనడానికి తెచ్చిన అప్పును కొన్నవాళ్లే మోయాలి, వాటాలు అమ్మి అయినా తీర్చాలి. పిల్లలకు, వృద్ధులకు రాయితీ టికెట్లు శాశ్వతంగా ఉండాలి. నిర్ణయాలు జరిగే చోట అభిమానుల ప్రతినిధులకు సలహా కుర్చీ కాదు, ఓటు ఉండాలి. జర్మనీలో చాలా క్లబ్‌ల ఓటింగ్ హక్కుల్లో అధిక భాగం సభ్యుల చేతిలోనే ఉంటుంది, వాళ్ల స్టేడియంలు నిండుగానే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2025లో చట్టంతో స్వతంత్ర ఫుట్‌బాల్ నియంత్రణ సంస్థ వచ్చింది. దానికి కోరలున్నాయో లేవో తేలాల్సింది చిన్న క్లబ్‌ల మీద కాదు, ఇలాంటి పెద్ద యజమానుల మీద. ఇక కొత్త స్ట్రైకర్ వచ్చాడని, కొత్త కోచ్ వస్తాడని చప్పట్లు కొట్టి ఈ సీజన్‌ను మరిచిపోకండి. ఇంకో తొమ్మిది నంబర్ చొక్కాతో ఈ జబ్బు నయం కాదు. గ్లేజర్లు క్లబ్‌ను వదిలి వెళ్లేదాకా, తప్పు చేసినవాడే మూల్యం చెల్లించే రోజు వచ్చేదాకా, ప్రతి గెలుపు సంబరంలోనూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉండాలి.