చెర విడిచినవానికి చేతిపని

ఆలూరు సీమలో పంట చేతికి రాని యేడు ఊళ్ళు ఖాళీయగుట వాడుక. పిల్లాపాపలతో, వంటపాత్రలతో కూలీలు గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుదురు. తలుపులకు తాళములు, అరుగులమీద ముసలివారు, ఇదియే అప్పటి దృశ్యము. ఈ వలసను గూర్చి అనేకులు వ్రాసియున్నారు. వలసకు సైతము పోజాలనివానిని గూర్చి వ్రాసినవారు అరుదు. జైలునుండి తిరిగివచ్చినవాడు ఒకడు. త్రాగుడు మాని లేచి నిలువబూనినవాడు వేరొకడు. ఈ ఇరువురిని గూర్చి నేడు కొంత విన్నవింపదలచితిమి.

ఆలూరు కర్ణాటకపు పొలిమేర. 2020 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మద్యపు ధరలను ఒక్కమారుగా పెంచినది. నాటినుండి బళ్ళారి వైపున చౌకగా దొరకు మద్యపు పొట్లములు పొలిమేర దాటి వచ్చుట అధికమైనది. సరుకు ఒకనిది, లాభము ఒకనిది. మోసి పట్టుబడినవాడు తరచుగా ఊరి కూలివాడు. 2024 అక్టోబరులో మద్యవిధానము మారినది గాని, దానితో పాటు పాత కేసులు మాసిపోలేదు. వాయిదానాడు నిందితుడు కోర్టులో నిలువవలయును. గుంటూరు సీమలో కాయకోయువాడు వాయిదాకు వచ్చెనా, మేస్త్రీ మరల చేర్చుకొనడు. రాకుండెనా, వారెంటు వచ్చును. ఊరనే యుండెనా, పనిలేదు.

త్రాగుడు మానినవాని గతియు నిట్టిదే. ఆసుపత్రిలో మందు ఇచ్చి, దేహమున విషము దిగినదని ఇంటికి పంపుదురు. మరల రమ్మన్న దినమున వాడు వైద్యునికి ఎన్నో జిల్లాల యవతల నుండును. పగలెల్ల ఒడలు విరుచుకొని, పరాయి చేనిగట్టున గుడిసెలో కూర్చున్నవానికి పాత కోరిక తిరిగి రాకుండునా? కావున వీరికి కావలసినది ఏదో యొక పని కాదు. ఇంటికి చేరువగా నిలుకడగల పని.

మద్యముపై పోరు మన సీమకు క్రొత్త గాదు. 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో రాజాజీ ప్రభుత్వము నెలకొల్పిన నిషేధము మరుసటి యేడే కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమమునకు తలయొగ్గి, 1993 అక్టోబరు 1న సారాను నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మన కర్నూలు జిల్లావాడే. అంగడి మూయుట ఒక ఉత్తరువుతో అగును. అంగడినుండి లేచివచ్చినవానికి బ్రతుకుతెరువు చూపుట ఏండ్ల తరబడి చేయవలసిన పని. మొదటి పనికి మనలో వీరులు దొరకిరి. రెండవదానికి కూలివారును దొరకలేదు.

పని యిచ్చినంతనే సరియా? కాదని స్టువర్టుపురము చెప్పుచున్నది. 1913లో బాపట్ల సమీపమున, నేరస్థజాతి యని ముద్రవేయబడిన ఎరుకలవారిని సాల్వేషన్ ఆర్మీ ఆధీనమున అచ్చట నిలిపిరి. చీరాల పొగాకు కంపెనీలో వారికి కూలి దొరకినది. కాని హాజరుపట్టీ వారిని విడువలేదు. చట్టమే జాతికి పెట్టిన దొంగపేరు తొలగలేదు. 1952లో ఆ చట్టము రద్దయిన తరువాతను ఊరిపేరు చెప్పుటకు పిల్లలు జంకిరి. హేమలతా లవణము దంపతులు 1970వ దశకమున ఆ ఊరిలో ఏండ్ల తరబడి పనిచేయవలసి వచ్చినది. కూలితోడ నమ్మకముగూడ ఇయ్యవలయునని దీనివలన తెలియుచున్నది.

నమ్మి యిచ్చినచో ఏమగునో మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితము చెప్పును. 1908లో 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకు రాజద్రోహనేరముపై ఆయన మూడేండ్లు చెరయందుండిరి. విడుదలయైన ఖైదీని దరిజేర్చిన దొరతనమువారి కన్నుపడునను భయము నాడు సామాన్యము. అట్టివానిని పిలిచి 'ఆంధ్రపత్రిక' సంపాదకపీఠమున కూర్చుండబెట్టినది. ఆయన తరువాత గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు చేసిన సేవ జగద్విదితము. ఆయన దేశభక్తుడు, వీడు పొట్లములు మోసినవాడు, సామ్యమెట్లని కొందరందురు. నేరమునకు సామ్యము లేదు. గడపదాటి వచ్చినవానికి కావలసిన ఆదరమున మాత్రము భేదము లేదు.

నేరము చేయనివానికే పనిలేదు, చేసినవానికేల యని అడుగువారును కలరు. ఈ ప్రశ్నను త్రోసివేయజాలము. వీనిని వరుసలో ముందు నిలుపుడని మేమనుటలేదు; వరుసనుండి గెంటివేయకుడనుచున్నాము. గతమడుగక, సాక్ష్యపత్రము కోరక, నాడే రొక్కమిచ్చి పనిజెప్పు యజమాని ఈ సీమలో ఒక్కడే కలడు. వాడు దొంగసరుకు వర్తకుడు. మనము మూసిన ప్రతి తలుపును వాని వాకిటికి దారి చూపుచున్నది.

రెండేండ్లు గాని, మించి గాని శిక్షపడినవాడు విడుదలయైన ఆరేండ్ల దనుక ఎన్నికలలో నిలువరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము. ఆ గడువు తీరినంతనే శాసనసభకు పోవచ్చును. శాసనకర్తకు తీరు మచ్చ మూటమోయు కూలికి తీరదా? చిన్నవయసున చేసిన స్వల్పాపరాధమును యజమాని మన్నింపవచ్చునని సుప్రీంకోర్టు 2016లోనే తీర్పుచెప్పినది. తీర్పు కాగితమున నున్నది, ఊరిలోనికి రావలసియున్నది.

కావున ఆలూరు పెద్దలకు మా మనవి యిది. ఆదోని ప్రత్తి మార్కెట్టునందును, జిన్నింగు మిల్లులయందును యజమానికొక్క మనుష్యుని చేర్చుకొనుడు. వాని కొరకు ఊరివారిద్దరు పూచీపడవలయును. కూలి వారమువారము ముట్టవలయును. కోర్టువాయిదానాడును, వైద్యుడు రమ్మన్ననాడును సెలవీయవలయును. త్రాగుడు మానినవాడు ఒకమారు జారిపడినచో, పూచీపడినవారు వానిని మరల ఆసుపత్రికి కొనిపోవలయును గాని, మిల్లువాకిలి మూయరాదు. పంచాయతీ పనులలో గుత్తదారులకును ఈ నియమమే పెట్టవచ్చును. దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు.

సత్యాగ్రహులను ఉంచిన అలీపురము జైలు బళ్ళారిలోనిది. 1953 అక్టోబరు 1 వరకు ఆలూరును ఆ జిల్లాలోనిదే. జైలు గడప దాటివచ్చినవారిని గౌరవముతో చూచుట మన పెద్దలకు చేతనైన విద్య. నేడు గౌరవము కూడ అడుగుటలేదు. ఒక పార, ఒక గంప, శనివారమునాటికి కూలి అడుగుచున్నారు. ఈ పాటి ఇయ్యజాలమా?