కాంగోలో కథోలికులు ఎందరు?

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో ప్రభుత్వం చివరిసారి జనాభా లెక్కలు తీసింది 1984లో. అప్పుడు తేలినవారు సుమారు 3 కోట్ల మంది. ఆ తరువాత నలభై ఏళ్లు గడిచాయి. దేశం పేరు మారింది, రెండు పెద్ద యుద్ధాలు జరిగాయి, రాజధాని కిన్షాసా కోటికి మించిన మహానగరమైంది. జనగణన మాత్రం మళ్లీ జరగలేదు. దేశ జనాభా ఇప్పుడు 10 కోట్లు దాటిందని మనం చదివే సంఖ్యలన్నీ అంచనాలే.

ఇలాంటి దేశంలోనూ పేరు, తేదీ, తల్లిదండ్రుల వివరాలు వరుసగా రాసి ఉంచే పుస్తకం ఒకటుంది. అది విచారణ గుడిలోని జ్ఞానస్నాన రిజిస్టరు. మనం బాప్తిస్మం అనేదాన్నే కథోలికులు జ్ఞానస్నానం అంటారు. మేత్రాసనాల నుండి వచ్చే లెక్కలను కూడి వాటికన్ ఏటా ప్రకటిస్తుంది. దాని ప్రకారం 2023లో కాంగోలో కథోలికులు దాదాపు 5.5 కోట్లు. ఆఫ్రికాలో ఇదే మొదటి స్థానం. 3.5 కోట్లతో నైజీరియా రెండవది. ప్రపంచంలోని 140 కోట్ల కథోలికుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు ఈనాడు ఆఫ్రికావారే.

అంటే కాంగో జనాభాలో సగం మంది కథోలికులన్నమాట. అయితే 2013-14లో అక్కడ జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేలో ఇంటింటికీ వెళ్లి మీదే మతమని అడిగినప్పుడు, కథోలికులమని చెప్పినవారు దాదాపు 30 శాతమే. ప్రొటెస్టంట్లు 27 శాతం. "ఇతర క్రైస్తవులు" అన్న గడిలో పడినవారు 37 శాతం! రెండు లెక్కలకూ మధ్య పదేళ్ల తేడా ఉంది, లెక్కించిన తీరూ వేరు. అదంతా ఒప్పుకున్నా, ఇంత అంతరం చిన్న విషయం కాదు.

ఎవరో అబద్ధం చెబుతున్నారని మేము అనుకోము. జ్ఞానస్నానం ఒకసారి పొందితే అది చెరగదని కథోలిక సంఘం బోధిస్తుంది. వేరే సంఘానికి వెళ్లిపోయినవాడు తిరిగి వచ్చి, అయ్యా నా పేరు కొట్టేయండని అడగడు. రిజిస్టరు చెప్పేది ఎవరు ప్రవేశించారన్నది. సర్వే చెప్పేది ఈ రోజు వారు తమను ఏమని పిలుచుకుంటున్నారన్నది. (మన రాష్ట్రాల్లో సంఘ రిజిస్టరుకూ జనగణనకూ ఎందుకు పొంతన కుదరదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అక్కడి కారణం వేరు.)

ఆ 37 శాతంలో పెద్ద భాగం ఉజ్జీవ సంఘాలది. కిన్షాసా పేటల్లో ఇంటి పెరట్లోనో, రేకుల షెడ్డులోనో, మైకు పెట్టుకుని అవి నడుస్తాయి. స్వస్థత, విడుదల, ఉద్యోగం, వీసా, పెళ్లి, ఇవన్నీ రాత్రంతా జరిగే ప్రార్థనల్లో దొరుకుతాయని యువతకు చెబుతారు. తల్లి ఉదయం పూజకు వెళుతుంది, కొడుకు సాయంత్రం అక్కడికి వెళతాడు. పని దొరకని యువకుడికి ఆ పిలుపు ఎంత బలంగా వినిపిస్తుందో మనకు తెలియనిది కాదు.

కథోలిక సంఘానికి అక్కడ ఉన్న వేళ్లు లోతైనవి. 1491లోనే కొంగో రాజు న్జింగా అ న్కువు పోర్చుగీసు మిషనరీల చేత బాప్తిస్మం పొందాడు. ఆయన మనుమడు హెన్రిక్ 1518లో బిషప్‌గా నియమితుడయ్యాడు. ఆ తరువాత వచ్చింది బానిస వ్యాపారం, దాని వెనుక బెల్జియం రాజు లియోపోల్డు రబ్బరు రాజ్యం. 1906లో వాటికన్ ఆ రాజ్యంతో ఒప్పందం చేసుకుని మిషను పాఠశాలలకు భూములు పొందింది. ఆ మచ్చ నేటికీ పోలేదు, ఆ బడులూ పోలేదు. 1974లో మొబుటు బడులన్నీ ప్రభుత్వపరం చేశాడు. నడపలేక 1977లో తిరిగి సంఘాలకే అప్పగించాల్సి వచ్చింది.

లెక్కల విషయంలో ప్రజలు ఎవరిని నమ్ముతారో 2018 డిసెంబరు ఎన్నికల్లో తెలిసింది. కథోలిక బిషప్పుల సమాఖ్య దాదాపు 40,000 మంది పరిశీలకులను దేశమంతా పంపింది. ఎన్నికల సంఘం ప్రకటించిన ఫలితం తమకు అందిన వివరాలతో సరిపోవడం లేదని బిషప్పులు బహిరంగంగానే చెప్పారు. ఫలితం మారలేదు. కానీ ఆ దేశంలో మారుమూల పోలింగు కేంద్రం దాకా మనిషిని పంపి, అతని కబురు తిరిగి తెప్పించుకోగల వ్యవస్థ ఇంకెవరి దగ్గర ఉంది?

కాబట్టి మా దృష్టిలో 5.5 కోట్లు వట్టి అంకె కాదు. అయితే "క్రైస్తవ్యం భవిష్యత్తు ఆఫ్రికాదే" అంటూ మన వాట్సాప్ గుంపుల్లో తిరిగే సందేశాలను కాస్త ఆగి చదవాలి. కాంగోలో ఒక స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. జనాభాలో దాదాపు సగం 18 ఏళ్లలోపువారే. ఆ పెరుగుదలలో ఎక్కువ పాలు పురిటి గదిది, సువార్త సభలది కాదు. పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి జ్ఞానస్నానం ఇప్పించడం తల్లి చేతిలో పని. ఇరవై ఏళ్లకు అతడు ఎక్కడ ఉంటాడన్నది ఏ తల్లి చేతిలోనూ లేదు.

ఇది చూసి మన ప్రొటెస్టంట్లు సంతోషించడానికీ ఏమీ లేదు. వెళ్లిపోయినవారిలో చాలామంది చేరిన చోట రిజిస్టరే ఉండదు. పాస్టరుగారు పేట మారితే ఆ మందను ఎవరు వెతుకుతారు?

ఈ బలహీనతకు కథోలిక సంఘం చాలా కాలం క్రితమే ఒక జవాబు వెతికింది. కార్డినల్ మలూలా 1970లలో కిన్షాసా విచారణలు కొన్నింటిని "బకాంబి" అనే గృహస్థులకు అప్పగించారు. వీధి వీధికీ చిన్న విశ్వాస సమూహాలు కట్టించారు. వారం మధ్యలో పది పన్నెండు కుటుంబాలు ఎవరో ఒకరింట్లో కూడి వాక్యం చదువుకుంటాయి. ఎవరికి జ్వరమో, ఎవరింట్లో బియ్యం లేవో, ఎవరి కొడుకు రావడం మానేశాడో అక్కడే తెలుస్తుంది. వాటికన్ పుస్తకంలో ఎక్కని ఈ లెక్కే మాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

తూర్పున ఆ లెక్క కూడా చెదిరిపోతోంది. 2025 జనవరిలో గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల వశమైంది. లక్షలాది జనం గుడారాల పాలయ్యారు. జూలైలో ఇతూరి ప్రాంతంలోని కొమాండాలో, రాత్రి జాగరణ ప్రార్థనలో ఉన్నవారిపై ఏడీఎఫ్ ముఠా దాడి చేసి 40 మందికి పైగా చంపింది. ఊరే ఖాళీ అయిన చోట విచారణ గురువు రిజిస్టరు పట్టుకుని ఎవరిని వెతకాలి?

ఆ ఏడాది ఆరంభంలోనే కథోలిక బిషప్పులు, ప్రొటెస్టంట్ సంఘాల సమాఖ్య కలిసి శాంతి కోసం ఉమ్మడి ప్రయత్నం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో వారి ప్రతినిధులు గోమా వెళ్లి తిరుగుబాటు నాయకులతో ముఖాముఖి మాట్లాడారు. కొందరు వారిని ద్రోహులన్నారు. చర్చలు మాత్రం వారు మానలేదు.