బ్రేక్ రబ్బరుకు పాతదనం పనికిరాదు
పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో బాగుచేయించుకునే వాళ్లకు సికింద్రాబాద్‌లో రాణిగంజ్ స్పేర్‌పార్ట్స్ దుకాణాలే దిక్కు. పద్మిని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అంబాసిడర్‌ది 2014లో ఆగింది. అందుకే రంగు వెలిసిన అట్టపెట్టెలో ‘ఒరిజినల్’ వీల్ సిలిండర్ కిట్ కనిపిస్తే నిధి దొరికినంత సంబరం. ఇనుప సామాను సంగతి సరే. తుప్పు లేకుండా, కొలత సరిపోతే కళ్లకద్దుకుని కొనొచ్చు. ఆ కిట్‌లో ఉండే బ్రేక్ రబ్బరు కప్పు అలా కాదు. వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అంచును వేలితో వంచి చూడండి, సన్నటి పగుళ్లు బయటపడతాయి. అక్కడ బ్రేక్ ఆయిల్ కారిందంటే పెడల్ నేలదాకా దిగిపోతుంది. నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూట్ ఉన్న పాత బళ్లలో ఇక మిగిలేది హ్యాండ్‌బ్రేకే. హారన్, బ్యాడ్జీ, హెడ్‌లైట్ ఎంత పాతవైనా వెతికి పెట్టుకోండి. బ్రేక్ రబ్బరు మాత్రం తయారీ తేదీ చూసి కొత్తదే వేయించండి.