చందా పుస్తకం చూపమందాం

పసుపు బోర్డు కావాలా వద్దా అని జనాన్ని నేరుగా ఓటు అడిగే పద్ధతి మన దేశంలో లేదు. అందుకే 2019లో మన పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిజామాబాద్ లోక్‌సభ బరిలో నిలిచి ఆ ఎన్నికనే ఆ ప్రశ్నగా మార్చారు. తలా 25 వేల డిపాజిట్, ఎస్సీ, ఎస్టీలకైతే అందులో సగం. ఊళ్లలో చందాలు వేసుకుని కట్టాం. డిపాజిట్లు పోయాయి. పోనీ, ఎవరెంత ఇచ్చారో ఊరందరికీ తెలుసు.

అదే ఏడు పెద్ద పార్టీలకు ఎన్నికల బాండ్ల రూపంలో కోట్లు చేరాయి. ఎవరిచ్చారో అప్పట్లో ఓటరుకు తెలియలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బాండ్లను కొట్టేసింది. అయినా 20 వేల లోపు చందాలిచ్చినవారి పేర్లు పార్టీలు ఇప్పటికీ చెప్పనక్కర్లేదు. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు.

2025 జనవరిలో బోర్డు వచ్చింది, పసుపుకు మద్దతు ధర రాలేదు. ఈసారి ఓటడగడానికి వచ్చేవారిని ధరతోపాటు చందాల లెక్క కూడా అడుగుదాం.