అరిగిన రంపపు యంత్రం: సరిచేసే క్రమం

ఈ శీర్షికలో ఇంతవరకు పెద్ద యంత్రాల సంరక్షణను గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం ఒక చిన్న యంత్రాన్ని పరిశీలిద్దాము. దుంగ ఉన్న చోటికే తరలించుకొని పోగల పట్టీ రంపపు యంత్రం, అనగా పోర్టబుల్ బ్యాండ్ సా మిల్లు, నేటి విషయం.

ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో కలపతో పని ఏమిటని కొందరు పాఠకులు అడగవచ్చును. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చిలో తొలి ఉక్కు తయారైన నాటి నుండి అక్కడ ఉక్కుకు కలప తోడుగానే ఉన్నది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయినది, కాళీమాటి స్టేషను టాటానగర్ అయినది. ఆ కాలంలో రైలు పట్టాల క్రింద కలప స్లీపర్లు పరచేవారు. సింగ్‌భూమ్ అడవులలోని సాల వృక్షం, మనవారు గుగ్గిలం చెట్టు అని పిలిచేది, ఆ పనికి పేరు పొందినది. స్లీపర్ల స్థానాన్ని కాంక్రీటు ఆక్రమించిన పిమ్మట కూడ కలప అవసరం పోలేదు. ఉక్కు చుట్టలు కదలకుండ వాటి క్రింద పెట్టే దిమ్మెలు, యంత్ర భాగాలను పంపే పెట్టెలు, పోత పనికి కావలసిన నమూనాలు, అన్నీ ఏదో ఒక రంపం క్రింద నుండి వచ్చినవే.

యంత్రం తీరు

పెద్ద కోత మిల్లులో రంపం నిలిచి ఉండగా దుంగ ట్రాలీ మీద కదులుతుంది. తరలించగల యంత్రంలో దుంగ బెడ్డు మీద స్థిరంగా ఉంటుంది, రెండు చక్రాల మీద పరుగెత్తే రంపపు పట్టీతో కూడిన తల భాగం పట్టాల మీద ముందుకు పోతుంది. 1980ల నుండి ఈ తరహా యంత్రాలు ప్రపంచమంతటా వ్యాపించినవి. చక్రాలు చిన్నవి, పట్టీ పలుచనిది. ఈ రెండు గుణాలే దాని బలము, దాని బలహీనత కూడ.

ఒక ఉదాహరణ తీసుకొందాము. చక్రం వ్యాసం 480 మిల్లీమీటర్లు, పట్టీ మందం 1.07 మిల్లీమీటర్లు, పట్టీ చుట్టుకొలత 4 మీటర్లు, వేగం సెకనుకు 25 మీటర్లు అనుకొందాము. పట్టీ మందాన్ని చక్రం వ్యాసంతో భాగించి ఉక్కు స్థితిస్థాపక గుణకంతో హెచ్చవేస్తే, చక్రం మీద వంగినపుడల్లా పట్టీ పై పొరలో సుమారు 445 మెగాపాస్కల్‌ల ఒత్తిడి కలుగుతుందని తేలుతుంది. అట్టి వంపులు సెకనుకు పన్నెండుకు పైగా, గంటకు సుమారు 45 వేలు. పళ్ళ మధ్యనున్న పల్లంలో కంటికి కనబడని పగుళ్ళు ఎందుకు పుడతాయో దీనిని బట్టి గ్రహించవచ్చును. పని ముగియగానే బిగువు సడలించుటకు, గంట రెండు గంటల కొకసారి పట్టీని మార్చి విశ్రాంతి ఇచ్చుటకు కారణం ఇదే. సాన పట్టేటపుడు కొనను మాత్రమే తాకించి విడువక, పల్లం అడుగు వరకు రాయి నడిపించి ఆ పగుళ్ళ పొరను తీసివేయవలెను.

తప్పు ఒక చోట, సవరణ మరొక చోట

కొంతకాలం క్రితం ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో ఇటువంటి యంత్రాన్ని చూడడం తటస్థించినది. దాని మీద పనిచేసే పెద్ద మేస్త్రీ శ్రీకాకుళం జిల్లా నుండి వలస వచ్చిన కుటుంబానికి చెందినవారు. "పలక పాములాగ వంకర తిరుగుతున్నది బాబూ, బెడ్డును ఎన్నిసార్లు సర్దినా అంతే" అన్నారు. యజమాని యంత్రాన్ని పాత ఇనుము క్రింద అమ్మివేయాలనే తలంపులో ఉన్నాడు. దాని మీద ఆధారపడినవి నాలుగు కుటుంబాలు.

బెడ్డు క్రింద చూడగా ఒకదాని మీద ఒకటి పాకింగు రేకులు కనబడినవి. గైడ్ రోలర్ ఒకటి అరిగి పట్టీని వాలుగా నడుపుచుండగా, ఆ వాలుకు తగినట్లు బెడ్డును ఎత్తినారు. మరుసారి కోత మారగా మరొక రేకు చేర్చినారు. ఇట్లు ఒక తప్పును కప్పుటకు చేసిన ప్రతి సవరణ మరొక తప్పైనది. రేకులన్నింటిని తీసివేసి మొదటి నుండి క్రమంగా సరిచేయడం తప్ప వేరు మార్గం లేకపోయినది. మూడు దినాలు పట్టినది. నాలుగవ దినాన పలకలు తిన్నగా వచ్చినవి.

సరిచేసే క్రమం

ప్రతి మెట్టు దాని ముందు మెట్టును ఆధారం చేసుకొంటుంది. కనుక వరుస తప్పరాదు.

మొదట ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరునో, విద్యుత్తు స్విచ్చినో వేరుచేసి, తోలు చేతితొడుగులు ధరించవలెను. పట్టాల మీద పేరుకొన్న జిగురును, పొట్టును తుడిచివేయవలెను. తరువాత యంత్రం కాళ్ళ క్రింద గట్టి దిమ్మెలు పెట్టి, రసమట్టంతో అడ్డంగాను నిలువుగాను సరిచూడవలెను. బెడ్డు పొడవునా సన్నని తీగ లాగి కట్టి చూస్తే వంపు తెలిసిపోతుంది. మెలి తిరిగిన బెడ్డు మెలి తిరిగిన పలకనే ఇస్తుంది.

రెండవది తల భాగం. దానిని చేతితో పట్టుకొని పైకి, క్రిందికి, ప్రక్కలకు కదిపి చూడవలెను. ఊగుతున్నట్లయితే పట్టాల మీద నడిచే రోలర్లు అరిగినవని అర్థం. వాటిని మార్చక ముందు ఎంత కొలిచినా ఫలం లేదు.

మూడవది చక్రాలు. బేరింగులలో ఊగు ఉండరాదు. చక్రానికి తొడిగిన రబ్బరు బెల్టు పలుచబడితే పట్టీ ఇనుమును తాకుతుంది, కాబట్టి మార్చవలెను. తరువాత పట్టీకి తయారీదారు చెప్పినంత బిగువు ఇచ్చి, చక్రాన్ని చేతితో త్రిప్పుతూ పట్టీ నడకను సరిచేయవలెను. పళ్ళ మధ్య పల్లం అడుగు చక్రపు అంచుకు సుమారు 3 మిల్లీమీటర్లు వెలుపల ఉండవలెను. పళ్ళు చక్రం మీదికి వస్తే వాటి వంపు నలిగిపోతుంది.

నాలుగవది, గైడ్ రోలర్లను పట్టీకి తగలకుండ తొలగించి, పట్టీ నుండి బెడ్డు వరకు రెండు చివరల కొలవవలెను. రెండు కొలతలు సమానమయ్యే వరకు తల భాగాన్ని సర్దవలెను.

ఐదవది గైడ్ రోలర్లు. ఇవి పట్టీని సుమారు 6 మిల్లీమీటర్లు క్రిందికి అదిమి పట్టవలెను. పట్టీ వెనుక అంచుకు, రోలరు గట్టుకు నడుమ 2 మిల్లీమీటర్ల మేర ఖాళీ ఉండవలెను. వాలు తెలియుటకు, అడుగు పొడవు గల తిన్నని పట్టీని రంపపు వెడల్పుకు అడ్డంగా బిగించి, దాని రెండు కొసల నుండి బెడ్డు వరకు కొలిచి చూడవలెను. భేదముంటే రోలరును త్రిప్పి సరిచేయవలెను. ఆదిత్యపూర్ యంత్రంలో దోషం దొరికినది ఇక్కడనే.

ఆరవది, బెడ్డు మీది అడ్డ దూలాలన్నీ పట్టీకి సమాన దూరంలో ఉన్నవో లేవో చూడవలెను. అర మిల్లీమీటరుకు మించి భేదం ఉండరాదు. చివరకు ఎత్తు చూపే కొలబద్దను సరిచేసి, కొత్త పట్టీతో పరీక్షగా ఒక పలక కోసి, మధ్యలోను రెండు కొసలలోను మందం కొలవవలెను.

యంత్రమా, పట్టీయా?

పలక వంకర రాగానే యంత్రాన్ని విప్పడం చాలమందికి అలవాటు. మొదట పట్టీని మార్చి చూడవలెను. కోత అలలుగా వస్తే పట్టీ మొద్దుబారినదో, బిగువు చాలలేదో, లాగుడు వేగం మించినదో అయి ఉంటుంది. ఒకే దిక్కుకు ఎక్కిపోతే ఒక ప్రక్క పళ్ళు మేకును తాకి ఉండవచ్చును. ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. చేస్తే దోషం ఎక్కడిదో ఎన్నటికీ తెలియదు.

సాల కలప గట్టిది, నార అడ్డుపడి అల్లుకొని ఉంటుంది. దానికి పంటి వాలు తక్కువగా ఉన్న పట్టీ మేలు. టేకులో సిలికా ఉండుటచే పళ్ళు త్వరగా మొద్దుబారుతాయి. వీథుల ప్రక్క పడిపోయిన చెట్లలో మేకులు, తీగలు దాగి ఉంటాయి. టానిన్ గల కలపలో ఇనుము ఉన్న చోట నీలి నలుపు మరక కనబడుతుంది. అది కనబడిన చోట కోత ఆపి వెదకవలెను.

లాభమెంత?

25 మిల్లీమీటర్ల పలకకు కోత వెడల్పు 2 మిల్లీమీటర్లు కలిపితే 27 అవుతుంది. వంకరను చిత్రిక పట్టి తీయుటకై ప్రతి పలకను 3 మిల్లీమీటర్లు మందంగా కోస్తే 30 అవుతుంది. పది పలకలు రావలసిన దుంగలో తొమ్మిదే వస్తాయి. పదవది పొట్టు పాలు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వు పిమ్మట అడవులలోను, కోత మిల్లులలోను కట్టుబాట్లు పెరిగినవి. అనుమతితో దొరికిన ప్రతి దుంగ విలువైనదే.

కలప నష్టాన్ని మించిన ప్రమాదం మరొకటి ఉన్నది. తెగిన పట్టీ కొరడావలె విసురుతుంది. కవచాలు మూయక ఇంజను నడపరాదు. పట్టీ వరుసలో ఎవ్వరూ నిలువరాదు. చుట్టిన పట్టీని విప్పేటపుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు. పట్టీ ఎన్ని గంటలు నడిచినది, ఎన్నిసార్లు సాన పట్టినది ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచితే, దానిని ఎప్పుడు పారవేయవలెనో ఆ పుస్తకమే చెబుతుంది. రెండు రూపాయల కలముతో చేసే ఆ పని ఒక మేస్త్రీ చేతివ్రేళ్ళను కాపాడగలదు.