తీసేశాం సరే, ఆగిందా?

కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కించాలో అడిగితే మనవాళ్ళు గంటలకొద్దీ చెబుతారు. ఎలా తీసెయ్యాలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేనూ ఆ బాపతే, ఒక చలికాలం టొరొంటోలో నా సంతకం నా మెడకే చుట్టుకునేదాకా.

ఒక క్లయింటు దగ్గర లినక్సు సర్వర్ల నుంచి లాగులు పోగుచేసి బయటి కంపెనీకి పంపే ఏజెంటు ఉండేది. ఒప్పందం ముగిసింది. ప్యాకేజీ తీసేశాను. ఎర్రర్లేమీ రాలేదు. "అన్ని సర్వర్ల నుంచీ తొలగించాం" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మూడు వారాల తర్వాత నెట్‌వర్క్ టీమువాళ్ళు ఫోన్ చేశారు, ఒక సర్వర్ నుంచి డేటా ఇంకా బయటికి పోతోందని! ఆ లాగుల్లో ఖాతాదారుల పేర్లు, అడ్రసులు ఉన్నాయి. 2000లో కెనడా తెచ్చిన పిపెడా చట్టం ప్రకారం వాటికి జవాబుదారీ క్లయింటే. వాళ్ళు నమ్మింది మాత్రం నా సంతకాన్ని.

ఇదెలా జరిగింది? లినక్సులో ఫైలు చెరిపితే ముందు పోయేది డైరెక్టరీలో దాని పేరే. ఏదైనా ప్రోసెస్ ఆ ఫైలును పట్టుకుని ఉన్నంతకాలం అసలు సరుకు డిస్కు మీదే ఉంటుంది. ప్రోగ్రామ్ ఏమీ జరగనట్టే నడుస్తుంది. నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ని అప్‌గ్రేడ్ చెయ్యగలుగుతున్నామంటే ఈ సదుపాయం వల్లే. తీసేసేటప్పుడు మాత్రం ఇదే మనల్ని మోసం చేస్తుంది.

ప్యాకేజీలు తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. డెబియన్‌లో ప్రీఆర్ఎమ్, ఆర్‌పీఎమ్‌లో ప్రీఅన్ అనే స్క్రిప్టులు ఫైళ్ళు చెరపకముందే నడుస్తాయి. సర్వీసును ఆపాల్సింది అక్కడే. నా కేసులో ఆ స్క్రిప్టు తనకు తెలిసిన సర్వీసును ఆపింది కూడా. కాని ఆ ఒక్క సర్వర్ మీద ఎవరో ఎప్పుడో రూట్‌గా లాగినై ఏజెంటును చేత్తో మొదలుపెట్టారు. సిస్టమ్‌డీ లెక్కలో అది లేనే లేదు.

అలాంటప్పుడు ఆ పేరుతో నడిచే ప్రతిదాన్నీ స్క్రిప్టే చంపెయ్యచ్చుగా అంటారు కొందరు. నేనొప్పుకోను. పేరు చూసి చంపితే, అదే మెషీన్ మీద కంటెయినర్లో నడుస్తున్న వేరేవాళ్ళ ప్రోసెస్ కూడా పోవచ్చు. ప్యాకేజీ తాను మొదలుపెట్టినదాన్ని తాను ఆపితే చాలు. అది ఆగకపోతే మాత్రం ఆ ఎర్రర్‌ని మింగెయ్యకూడదు. స్క్రిప్టు ఫెయిలైతే డెబియన్, ఆర్‌పీఎమ్ రెండూ తొలగింపును అక్కడితో ఆపేస్తాయి. "అప్పుడు ప్యాకేజీ తియ్యడానికే రాదు కదా" అంటారా? నిజమే, చిరాకే. కాని ఆ చిరాకు కంటికి కనిపిస్తుంది. చప్పుడు చెయ్యకుండా నడిచే ప్రోసెస్ కనిపించదు.

మిగతా పని మనది. ముందు సర్వీసు ఆపండి. పీఎస్ కొట్టి చూడండి. తర్వాతే ప్యాకేజీ తియ్యండి. తీశాక ఎల్ఎస్ఓఎఫ్‌ని ప్లస్ ఎల్ వన్ ఆప్షన్‌తో రూట్‌గా నడపండి. పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్ళు, వాటిని పట్టుకుని కూర్చున్న ప్రోసెస్‌లు బయటపడతాయి. ఇదంతా కలిపి రెండు నిమిషాల పని.

ఇప్పుడు నా రిపోర్టులో రెండు వాక్యాలుంటాయి. ప్యాకేజీ తొలగించాం. ప్రోసెస్ నడవడం లేదని చూశాం. రెండోది నా కళ్ళతో చూడకుండా సంతకం పెట్టను. ఇల్లలకగానే పండగ కాదని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా!