కారుకు బంకముద్ద: ఖరీదుకు తగిన ఫలమా?

జంషెడ్‌పూర్‌లో కారును ఆరుబయట నిలిపే మన ఉద్యోగ సోదరులకు ఈ అనుభవం కొత్త కాదు. ఎంత శుభ్రంగా కడిగినా, చేత్తో నిమిరితే గరుకు తగులుతుంది. తెల్లని కారైతే నారింజరంగు చుక్కలు కూడా కనిపిస్తాయి. ఇవి రైలు చక్రాల రాపిడి నుండి, బ్రేకుల నుండి, కొలుముల నుండి లేచే ఇనుప రజను. 1912 నుండి ఉక్కు పోస్తున్న ఊరిలో దానికి కొదవేమి? రంగుపూతలో గుచ్చుకొని తుప్పు పట్టే ఈ రజనును సబ్బునీరు కదల్చలేదు.

ఇందుకు వాడే ‘క్లే బార్’ కుమ్మరి మన్ను కాదు; మెత్తని రాపిడిపొడి కలిపిన కృత్రిమ ముద్ద. జపానులో రూపొందినది. కడిగిన కారుపై జారుడు ద్రవం చల్లి, నొక్కకుండా జరిపితే, పైకి పొడుచుకొని ఉన్న రజను ముద్దకు అంటుకొని వస్తుంది. లోతుగా దిగిన తుప్పు, గీతలు మాత్రం పోవు. ముక్క నేలపై పడితే పారవేయవలసిందే. అంటిన ఇసుక పూతను గీరివేస్తుంది.

కొన్ని వందల రూపాయలు అధికమే అనిపించవచ్చు. కాని నూరు గ్రాముల ముద్దను ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు పంచుకోవచ్చు. ఏడాదికి ఒకసారి చాలు. పాత మైనపు పూత కూడా దీనితో తొలగిపోతుంది కనుక కొత్త మైనం ఖర్చునూ లెక్కలో చేర్చుకోవాలి. కొనేముందు చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి కారును నిమిరి చూడండి. గరుకు తగలకపోతే ఆ సొమ్ము దాచుకోండి.